నల్ల ద్రాక్షకు నీలి పూత: నీలం రంగు లేకుండానే

ఢిల్లీలో చలి తగ్గుముఖం పట్టేసరికి వసంత్ కుంజ్ పండ్ల బండ్ల మీదికి నల్ల ద్రాక్ష వస్తుంది. గుత్తిని దగ్గరగా చూడండి. పండు మీద బూడిద చల్లినట్టు లేత నీలి పొర ఉంటుంది. వేలితో రుద్దితే చెరిగిపోయి, కింది ముదురు ఊదా బయటపడుతుంది. దాన్ని పురుగుమందు అనుకునేవారు చాలామంది. నిజానికి అది పండు తనంతట తాను తయారుచేసుకునే మైనం. (కడిగే తినాలి, అది వేరే సంగతి.)

పండ్ల బొమ్మలు వేసేవారికి ఈ పొరే అసలు పరీక్ష. ఊదాలో నీలం, తెలుపు కలిపి పూస్తే పండు సుద్దముద్దలా తేలుతుంది. పొరలుగా వేయడమే మేలు. ముందు ముదురు ఊదా పూసి పూర్తిగా ఆరనివ్వాలి. తర్వాత దాదాపు పొడిగా ఉన్న కుంచెతో తెలుపును అతి పలచగా రుద్దాలి. ఆ తెలుపు కాస్తా నీలంగా కనిపిస్తుంది!

తెల్ల రంగులోని టైటానియం డయాక్సైడ్ రేణువు పరిమాణం సుమారు మిల్లీమీటరులో 4,000వ వంతు. అంత చిన్న రేణువులు ఎరుపు కాంతి కన్నా నీలి కాంతిని ఎక్కువగా చెదరగొడతాయి. చెదిరిన నీలం మన కంటికి చేరుతుంది. మిగతా కాంతిలో చాలా భాగం కిందికి దిగి ముదురు పొరలో ఇంకిపోతుంది. చీకటి మూలలో అగరొత్తి పొగ నీలంగా కనిపించేదీ ఇలాగే. పొగలోని ఈ నీలాన్ని లియొనార్డో డావిన్సీ 500 ఏళ్ల కిందటే గమనించి రాసుకున్నాడు. అయితే తెలుపు మందంగా పడితే అన్ని రంగులూ చెదిరి ఉత్త తెలుపే మిగులుతుంది.

పండ్లు కూడా ఇలాంటి పనే చేస్తాయి. బ్లూబెర్రీ తొక్కలో ఉన్నది ముదురు ఎరుపు వర్ణకమే. దాని నీలం పైనున్న మైనపు సూక్ష్మ నిర్మాణాల నుంచి వస్తోందని బ్రిస్టల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2024లో 'సైన్స్ అడ్వాన్సెస్' పత్రికలో వెల్లడించారు.

పక్కన కమలాపండు వేయాలంటే వరస తిరగబడుతుంది. అడుగున తెలుపు, పైన పారదర్శకమైన పసుపు, ఆపైన పలచని ఎరుపు. కాంతి ఆ పొరల గుండా దిగి, తెలుపుకు తగిలి, మళ్లీ వాటి గుండానే పైకి వస్తుంది. రెండుసార్లు వడపోత జరగడంతో రంగు చిక్కబడుతుంది. తొక్క గరుకుదనానికి చిక్కటి రంగును చుక్కలుగా అద్దితే చాలు.

ఆరబెట్టడంలో తొందర పనికిరాదు. అక్రిలిక్ రంగులో నీరు ఆవిరైతే చాలు, నిమిషాల్లో ఆరిపోతుంది. అవిసె నూనె రంగు గాలిలోని ఆక్సిజన్‌ను పీల్చుకుని గట్టిపడాలి, రోజులు పడుతుంది. చలిలో ఇంకా ఆలస్యం. అడుగు పొర ఆరకముందే పైది బిగుసుకుంటే బొమ్మ పగుళ్లిస్తుంది.

రంగులు లేకపోయినా నీలాన్ని చూడవచ్చు. గ్లాసు నీళ్లలో కొన్ని పాల చుక్కలు కలిపి, వెనక నల్ల కాగితం పెట్టి, పక్క నుంచి టార్చి వేయండి. లేత నీలం కనిపిస్తుంది. కాగితం తీసి గ్లాసు గుండా టార్చినే చూస్తే, అది నారింజ ఛాయలో ఉంటుంది.