మోటారు లేకయే మీదికెక్కు నీరు

బెంగళూరున మారతహళ్లి ప్రాంతమందు స్వగృహము నిర్మించుకొన్న మన పాఠకులొకరు, 2024లో ఆరంభమైన ప్రధానమంత్రి సూర్యఘర్ పథకము క్రింద 3 కిలోవాట్ల సౌర విద్యుత్ పలకలకు 78,000 రూపాయల రాయితీ కలదని విని, ఇంటి విద్యుత్తును సూర్యునికి అప్పగింప నిశ్చయించి, ఆ సందర్భముననే యిట్లు వ్రాసిరి: "అయ్యా, మా మేడమీది సోలార్ హీటరునకు మోటారు లేదు. క్రింది పలకలో కాగిన నీరు పైనున్న ట్యాంకులోనికి ఎట్లు ఎక్కుచున్నది?"

విద్యుత్ పలకల మాట త్వరగా ముగింతును. సిలికాన్ ఫలకము తనపై బడిన సూర్యశక్తిలో ఇంచుమించు అయిదవ వంతును విద్యుత్తుగా మార్చును. ఇంటికి మిగిలినది మీటరు గుండా గ్రిడ్డునకు పోవును. ఇక ఆ అద్భుతమైన ప్రశ్నకు వత్తము.

వేడినీరు తేలిక కనుక పైకి పోవునని చెప్పుట వాడుక. తనంతట పైకెక్కు శక్తి ఏ నీటికిని లేదు. చల్లని నీరు బరువుచే దిగివచ్చి దానిని పైకి నెట్టుచున్నది. ఘనమీటరు నీరు 25 డిగ్రీల వద్ద 997 కిలోలును, 60 డిగ్రీల వద్ద 983 కిలోలును తూగును. ట్యాంకు అడుగునుండి దిగు గొట్టమందు చల్లని నీరు, పలకలోని సన్నని రాగి నాళములందు వేడి నీరు నిలిచినపుడు, అవి త్రాసునకు రెండు తట్టలు. మీటరు ఎత్తునకు వాని భేదము 14 మిల్లీమీటర్ల నీటి ఒత్తిడి మాత్రమే. ఆ స్వల్పబలమే, ఎండ ముదిరినకొలది వేగము పెంచుచు, మబ్బు క్రమ్మినంతనే తగ్గించుచు, ఏ యంత్రముయొక్క ఆజ్ఞయు లేక దినమంతయు నీటిని త్రిప్పుచున్నది. ఇంతకంటె సుందరమైన ఏర్పాటును నేనెరుగను.

ట్యాంకు అడుగు పలక తలకంటె సుమారు ఒక అడుగు ఎత్తున ఉండవలెననుటయు ఇందువలననే; లేనిచో రాత్రివేళ పలక నిర్మలాకాశమునకు తన వేడిమిని వెలార్చి చల్లబడగా, అందలి నీరు బరువెక్కి దిగి, ట్యాంకులోని వేడినీటిని తనలోనికి లాగుకొని ప్రవాహమును తలక్రిందులు చేయును.

ఈ ఏర్పాటు ఒక్కనాట కుదిరినది కాదు. 1891లో బాల్టిమోర్ నివాసి క్లారెన్స్ కెంప్ నీటి ట్యాంకులనే అద్దపు పెట్టెలో ఉంచి ఎండబెట్టెను. సాయంకాలమున కాగియున్న నీరు తెల్లవారునప్పటికి చల్లబడెడిది. 1909లో కాలిఫోర్నియాలో విలియం బెయిలీ, కాగు చోటును నిలువ చోటును వేరుపరచి, ట్యాంకునకు వేడి పోకుండ కవచము తొడిగి ఆ లోపమును తీర్చెను. ఆ సంవత్సరముననే, అద్దము వేడికిరణములను బంధించుటచేతనే పెట్టె కాగుచున్నదను విశ్వాసమును భౌతికశాస్త్రజ్ఞుడు ఆర్. డబ్ల్యు. వుడ్ పరీక్షించెను: ఆ కిరణములను పోనిచ్చు రాతి ఉప్పు పలకతో మూసిన పెట్టెయు, అద్దపు పెట్టెయు ఇంచుమించు సమానముగనే కాగినవి. గాలి పైకిపోయి వేడిమిని కొనిపోకుండ అడ్డుకొనుటయే మూతకు ముఖ్యధర్మమని అతడు తేల్చెను. నీటి ప్రవాహమును బెయిలీ కోరెను, గాలి ప్రవాహమును ఆపుటయే ముఖ్యమని వుడ్ చూపెను; రెండింటికిని మూలసూత్రమొక్కటే.

ప్రయోజనమా? 100 లీటర్లను 20 నుండి 60 డిగ్రీలకు కాచుటకు 4.7 యూనిట్లు వలయును. రెండు చదరపు మీటర్ల పలకపై బెంగళూరు ఎండ దినమునకు సుమారు 10 యూనిట్లు కురియును గనుక, అందు సగము చిక్కిన చాలును. అంతే స్థలములోని విద్యుత్ పలక ఇచ్చునది రెండే యూనిట్లు. కావున విద్యుత్ పలకలతో గీజరును నడుపుట మేడను వృథాచేయుట! 2007లో కర్ణాటక ప్రభుత్వము కొత్త భవనములకు సౌర హీటరును నిర్బంధము చేయుట సరియే. కాని, స్నానపు గదికి దిగు పొడవైన గొట్టములో రాత్రి చల్లబడిన నీటిని, 2024 వేసవిలో ట్యాంకరుకై వేచిన నగరమున, ప్రతి ఉదయము కాలువపాలు చేయుట నాకు సహింపరాకున్నది. ఇక బిగింపున మరియొక జాగ్రత్త: పలకకును ట్యాంకునకును నడుమ గొట్టము మూపురమువలె లేచినచో, కాగు నీటినుండి వెలువడిన గాలి అక్కడ పేరుకొని, ఆ 14 మిల్లీమీటర్ల బలమును నిలిపివేయును; బోరునీటి సున్నము నాళములందు పొరకట్టినను ఫలితమదే. కనుక గొట్టము నడుమ ఎచ్చటను దిగక ట్యాంకువైపు ఎక్కుచునే పోవునట్లు బిగింపించి, సున్నపు పొరను కాలానుగుణముగ ఆమ్లముతో కడిగింపవలెను.