మన ఇంట చదువదగిన పాతకాలపు కథలు

కొన్ని సంవత్సరముల క్రిందట మా సంఘములోని ఒక తల్లి, ఆదివారపు ఆరాధన ముగిసిన తరువాత, పదవ తరగతి చదువుతున్న తన కుమార్తెను వెంటబెట్టుకొని మా యొద్దకు వచ్చింది. కొంగు చాటున ఒక లావుపాటి పుస్తకము ఉన్నది. "అయ్యగారూ, పిల్ల రాత్రిళ్ళు ప్రార్థన కూడా మాని ఈ నవల చదువుతున్నదండీ. మీరైనా బుద్ధి చెప్పండి" అని దానిని మా చేతిలో పెట్టింది. మేము అట్ట మీద పేరైనా సరిగా చూడలేదు. నవలలు యౌవనస్థుల మనస్సును పాడుచేస్తాయనీ, ఆ సమయమును వాక్యమునకు ఇమ్మనీ నాలుగు మాటలు చెప్పి పంపివేశాము. ఆ పిల్ల ఎదురు చెప్పలేదు. "లైబ్రరీ పుస్తకమండీ, తిరిగి ఇవ్వాలి" అని మాత్రము అన్నది.

ఆ పుస్తకము నాలుగు రోజులు మా బల్ల మీదనే పడి ఉన్నది. అయిదవ రోజున పెద్ద వాన కురిసి, కరెంటు పోయి, గృహ కూడిక ఆగిపోయింది. ఏమీ తోచక దానిని తెరిచాము. అది ఉన్నవ లక్ష్మీనారాయణగారి 'మాలపల్లి'. ఆయన 1922లో వేలూరు జైలులో ఉండి వ్రాసిన నవల. మద్రాసు ప్రభుత్వము దానిని కొంతకాలము నిషేధించింది కూడా. మంగళాపురము అనే పల్లెలో రామదాసు కుటుంబము, భూస్వామి చౌదరయ్య చేతి దెబ్బకు ప్రాణము విడిచిన సంగదాసు, ఆ కుటుంబము చెదరిపోయిన విధము చదువుతుంటే, మా తాతల కాలపు పేట మా కళ్ళ యెదుట నిలిచింది. వ్రాసినవారు అగ్రకులస్థులు, క్రైస్తవులు కారు. అయినను కూలి ఎలా కొలిచేవారో, మాట ఎలా పడవలసి వచ్చేదో ఆ పుస్తకములో ఉన్నట్లు మా ఇంటి పెద్దలు కూడా మాకు చెప్పలేదు. బహుశా చెప్పుటకు వారికి సిగ్గుగా ఉండెనేమో.

మరునాడు పుస్తకము పట్టుకొని ఆ ఇంటికి వెళ్ళాము. తల్లి యెదుటనే ఆ పిల్లతో, "మేము చదువకుండానే తీర్పు చెప్పాము. మమ్మును క్షమించు తల్లీ" అన్నాము. చదువుకు, ప్రార్థనకు వేళలు ఏర్పరచుకొమ్మని మాత్రము చెప్పి వచ్చాము.

నవల అంటే అబద్ధమే కదా, విశ్వాసికి దానితో ఏమి పని అని మన పెద్దలలో కొందరు అడుగుతారు. నాతాను ప్రవక్త దావీదు పాపమును నేరుగా చెప్పక ముందు ఒక బీదవాని గొఱ్ఱెపిల్ల కథ చెప్పిన సంగతి వారికి గుర్తుచేస్తాము. దావీదు కోపముతో మండిపడినది ఆ కథ విన్న తరువాతనే. అట్లని ప్రతి నవలనూ మెచ్చుకొనుట మా ఉద్దేశము కాదు. సమయమును, మనస్సును తినివేసే పుస్తకములు సంతలో చాలా ఉన్నవి. మేము చెప్పబోయేవి వేరు. అవి మనలను వేరొక కాలమునకు తీసుకొనిపోయి, అక్కడి మనుష్యుల మధ్య కూర్చుండబెట్టేవి.

మొదట 'బెన్ హర్'. దీనిని సినిమాగా చూచినవారు చాలామంది ఉన్నారు. 1959లో వచ్చిన ఆ చిత్రమునకు 11 ఆస్కార్ బహుమానములు వచ్చినవి. నవల 1880లోనే వెలువడింది. వ్రాసిన ల్యూ వాలెస్ అమెరికా అంతర్యుద్ధములో సేనాపతిగా పనిచేసినవాడు. 1876లో రైలు ప్రయాణములో దేవుడున్నాడని ఒప్పుకోని ఒక ప్రసిద్ధ వక్తతో రాత్రి చాలాసేపు మాట్లాడవలసి వచ్చింది. ఆ సంభాషణ తరువాత, తన విశ్వాసమును గూర్చి తనకేమీ తెలియదని వాలెస్ సిగ్గుపడ్డాడు. ఆ సిగ్గుతోనే పటములు, గ్రంథములు ముందు వేసుకొని పరిశోధించి ఈ నవల పూర్తి చేశాడు. అప్పటికి పరిశుద్ధ దేశమును కంటితో చూచినవాడు కాడు! యెరూషలేములో ధనవంతుని కుమారుడైన యూదా బెన్ హర్, స్నేహితుడే ద్రోహము చేయగా, ఓడలో తెడ్డు వేసే బానిసగా మారుతాడు. అంతియొకయలోని రథముల పందెమును అందరూ పొగడుతారు. మాకైతే కుష్ఠు సోకిన తల్లియు చెల్లెలును రాత్రివేళ తమ ఇంటి గుమ్మము దగ్గర నిద్రించుచున్న కుమారుని చూచి, ముట్టుకొనలేక తొలగిపోయిన భాగమే ఎక్కువ.

ఇక్కడ ఒక హెచ్చరిక చెప్పాలి. ఒక యౌవనస్థుల కూడికలో బైబిల్ క్విజ్ పెట్టినప్పుడు, దప్పిగొన్నవారికి ప్రభువు నీళ్ళిచ్చిన సందర్భము ఒకటి చెప్పమని అడిగాము. ఒక తమ్ముడు లేచి, నజరేతులో గొలుసులతో వచ్చిన బానిసకు అని ధైర్యముగా చెప్పాడు. సగము మంది చప్పట్లు కొట్టారు! అది లేఖనములో లేదు, వాలెస్ ఊహలో ఉన్నది. ఇంట్లో ఇటువంటి పుస్తకము చదివినప్పుడు, ప్రక్కన సువార్తలు తెరిచి పెట్టుకొని, ఏది వాక్యమో ఏది రచయిత కల్పనో పిల్లలచేతనే చెప్పించాలి. ఇది వారికి ఆటగా ఉంటుంది, మనకు బోధగా ఉంటుంది.

'కో వాడిస్' విషయములో ఈ జాగ్రత్త ఇంకా అవసరము. పోలండు రచయిత హెన్రిక్ షెన్కేవిచ్ దీనిని 1895, 1896 సంవత్సరములలో పత్రికలో ధారావాహికగా వ్రాశాడు. 1905లో ఆయనకు నోబెల్ బహుమానము వచ్చింది. ఆయన వ్రాసిన కాలమున పోలండు అనే దేశము పటములోనే లేదు. మూడు సామ్రాజ్యములు దానిని పంచుకొన్నవి. అందుచేతనే కాబోలు, నీరో చక్రవర్తి క్రింద నలిగిన చిన్న సంఘమును అంత బాధతో చూపగలిగాడు. క్రీ.శ. 64లో రోమా నగరము కాలిపోయి, ఆ నింద క్రైస్తవుల మీద పడిన దినములు అందులో ఉన్నవి. పేతురు రోమాను విడిచి వెళ్ళుచుండగా త్రోవలో ప్రభువు ఎదురైన కథ ప్రాచీన పారంపర్యము గాని లేఖనము కాదు. రాజు విందుల వర్ణన కొంత విశృంఖలముగా ఉన్నది గనుక తలిదండ్రులు ముందు చదువుట మంచిది.

నవలల మాట ఇంతటితో చాలు. మా మనస్సును ఎక్కువగా పట్టుకొన్నవి జ్ఞాపకముల పుస్తకములు. కోరీ టెన్ బూమ్ అనే డచ్చి సహోదరి సాక్ష్యము 'ది హైడింగ్ ప్లేస్' పేరున 1971లో అచ్చయినది. హాలెండు దేశములోని హార్లెమ్ పట్టణములో గడియారములు బాగుచేసే కుటుంబము వారిది. హిట్లరు సైన్యము యూదులను పట్టుకొనిపోవుచున్న దినములలో కోరీ గదిలో దొంగ గోడ ఒకటి కట్టి, దాని వెనుక మనుష్యులను దాచిపెట్టారు. 1944 ఫిబ్రవరి 28న పోలీసులు ఇంటిమీద పడి కుటుంబమును పట్టుకొన్నారు. గోడ వెనుక ఉన్న ఆరుగురు మాత్రము దొరకలేదు! 84 ఏండ్ల తండ్రి పది దినములలోనే చెరలో మరణించాడు. అక్క బెట్సీ రావెన్స్‌బ్రూక్ శిబిరములో ప్రాణము విడిచింది. ఆ శిబిరపు పాకలో మిన్నల్లులు కుట్టి చంపుతుంటే, వాటి కొరకు కూడా దేవుని స్తుతించాలన్నది బెట్సీ. కోరీకి ఒళ్ళు మండింది. ఆ మిన్నల్లులకు జడిసే కావలివారు లోపలికి రాలేదనీ, అందుచేతనే అక్కడ బైబిలు చదువుట సాగిందనీ తరువాత తెలిసింది. యుద్ధము ముగిసిన తరువాత 1947లో జర్మనీలో, ఆ శిబిరపు కావలివాడొకడు చేయి చాచి క్షమాపణ అడిగినప్పుడు, కోరీ చేయి లేవలేదు. ఆమె ఆ సంగతి దాచలేదు. క్షమాపణను గూర్చి మేము చేసిన ప్రసంగములు అన్నీ ఆ ఒక్క పుట ముందు చిన్నవైపోయినవి.

ఇక మన నేలకు వద్దాము. మా సంఘపు కుఱ్ఱవాడొకడు పట్నములో కాలేజీలో చేరిన మొదటి సంవత్సరము సెలవులకు వచ్చి, గుడికి రాకుండా ఇంట్లోనే కూర్చున్నాడు. వెళ్ళి అడిగితే, "మీ వాళ్ళు గంజి కోసం మతం మారినవాళ్ళే కదా" అని తోటివారు నవ్వారట. "నిజమేనా అయ్యగారూ?" అన్నాడు. మేము అప్పుడు చెప్పిన జవాబు మాకే తృప్తిగా లేదు. తరువాత మాకు దొరికినది ఒంగోలు మిషనరీ జాన్ ఇ. క్లఫ్ దొరగారి ఆత్మకథ. ఆయన చెప్పగా ఆయన భార్య ఎమ్మా వ్రాసి, ఆయన చనిపోయిన తరువాత 1914లో అచ్చువేయించినది.

క్లఫ్ దొరగారు 1866లో ఒంగోలు వచ్చారు. అంతకుముందే యర్రగుంట్ల పేరయ్యగారు ప్రభువును నమ్ముకొని, తన మాదిగ బంధువుల మధ్య ఊరూరా తిరిగి చెబుతున్నాడు. ఈ మాట గట్టిగా గుర్తుంచుకోవాలి. దొరగారు రాక మునుపే పని మొదలైంది. 1876 నుండి 1878 వరకు వచ్చిన గొప్ప కరువులో ప్రభుత్వము బకింగ్‌హామ్ కాలువ త్రవ్విస్తున్నది. క్లఫ్ దొరగారు యౌవనమున అమెరికాలో భూముల సర్వే పని నేర్చినవారు గనుక, ఆ కాలువలో మూడున్నర మైళ్ళు కంట్రాక్టు తీసుకొని వేలమందికి పని కల్పించారు. కాబట్టి వారు తిన్నది భిక్ష కాదు, పార పట్టి, తట్ట మోసి సంపాదించిన కూలి. ఆ కరువు కాలములో బాప్తిస్మము ఇమ్మని జనులు ఎంత అడిగినా ఆయన ఇవ్వలేదు, అన్నము కొరకు వచ్చినవారెవరో తేలవలెనని. సహాయపు పంపకము అయిపోయిన తరువాత కూడా వారు వచ్చి నిలబడ్డారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందారు.

ఆ సంఖ్యను చెప్పి సంబరపడుట మన సభలలో అలవాటు. ఆ పుస్తకములోని ఆకలి, కలరా, దారిలో పడిపోయినవారి సంగతి ఎవరూ చెప్పరు. పుస్తకములో దొరతనము కనిపించే చోట్లు లేకపోలేదు. మనవారి పేర్లు తక్కువ. అయినను ఆ కుఱ్ఱవానికి ఆ భాగము తెలుగులో చెప్పి వినిపించాము. విని, "అయితే మా వాళ్ళు పనిచేశారన్నమాట" అని ఒక్క మాట అన్నాడు. ఆ ఆదివారము వెనుక వరుసలో కనిపించాడు.

మిషనరీలు రాక మునుపు మన ఊళ్ళు ఎట్లుండేవో చూడదలచినవారు ఏనుగుల వీరాస్వామయ్యగారి 'కాశీయాత్ర చరిత్ర' చదవాలి. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా ఉండిన ఆయన 1830 మే నెలలో బయలుదేరి, తిరుపతి, కడప, హైదరాబాదు మీదుగా కాశీకి పోయి, 1831 సెప్టెంబరులో ఇల్లు చేరారు. మజిలీ మజిలీకీ నీళ్ళున్నవా, అంగళ్ళున్నవా అని వ్రాసి పెట్టారు. అది హిందూ భక్తుని యాత్ర. అయినను సామ్యూల్ డే దొరగారు నెల్లూరులో 1840లో పని మొదలుపెట్టుటకు పది సంవత్సరముల ముందటి తెలుగు నేల అందులో ఉన్నది. భాష మొదట కొంచెము తడబడుతుంది, పది పుటలు ఓర్చుకొంటే అలవాటవుతుంది. జాషువగారి 'నా కథ' పద్యములలో ఉన్నది గనుక, పద్యము చదువగల పెద్దవారు ఇంట్లో ఉంటే గొంతెత్తి చదివించుకోవాలి.

వీటిలో కొన్ని ఆంగ్ల పుస్తకములు. ఇంట్లో ఇంగ్లీషు చదివే పిల్లలుంటే, వారిచేత ఒక అధ్యాయము చదివించి, భోజనమయ్యాక తెలుగులో చెప్పించండి. అమ్మమ్మలు ఊరుకోరు, మధ్యలో తమ సంగతులు మొదలుపెడతారు. పెట్టనివ్వండి.

మా సంఘములో ఎనభై దాటిన పెద్దాయన ఒకరున్నారు. ఆయన తాతగారు చిన్నతనములో ఆ కాలువలో తట్ట మోశారట. 'మాలపల్లి' చదివిన ఆ పిల్ల డిగ్రీ పూర్తిచేసి ఈ వేసవిలో ఊరికి వచ్చి, సాయంత్రములు ఆయన మంచము ప్రక్కన కూర్చుని నోటుపుస్తకములో వ్రాసుకొంటున్నది. ఆ ఉప్పు నేలకు తాతగారి కాలివేళ్ళ సందున పుండ్లు పడ్డాయని పెద్దాయన చెప్పారు. "వాటికి ఏమి మందు రాసుకొనేవారు తాతయ్యా?" అని ఆ పిల్ల అడిగింది. ఆయన చాలాసేపు ఆలోచించి, గుర్తు రావడము లేదు, రేపు రమ్మన్నారు.