ఇంటి చలనచిత్రముల కూర్పు

పెండ్లిండ్లను, పుట్టినదినములను చేతిఫోనుతో చిత్రించుట నేడు సామాన్యమైనది. వానిని కత్తిరించి కూర్చుటకు క్రొత్తవారికి ఏ సాఫ్టువేరు తగునో విచారింతము.

2000వ సంవత్సరమున వెలువడిన విండోస్ మూవీ మేకరుతో పలువురు ఈ పని నేర్చిరి. మైక్రోసాఫ్టువారు 2017 జనవరి 10వ తేదీతో దాని పోషణము మానిరి. అందుచే ఏ సాధనమును శాశ్వతమని నమ్మరాదు.

ఆపిల్ కంప్యూటరు గలవారికి ఐమూవీయు, తక్కినవారికి షాట్‌కట్, ఓపెన్‌షాట్ అనునవియు వెల లేకయే లభించును. డావిన్సీ రిజాల్వ్ ఉచితప్రతి ఘనమైనదే గాని బలమైన కంప్యూటరును గోరును. రెండు నిమిషముల తునకను కూర్చి చూచినచో మన యంత్రము దేనిని మోయగలదో తెలియును.

షాట్‌కట్ దాచు కూర్పుఫైలునందు అసలు చిత్రములుండవు. అవి యున్న తావుల గుర్తులే యుండును. మూలములను తుడిచివేసినచో కూర్పు వట్టిదగును. కావున వానిని భద్రపరచి, ముగిసిన చిత్రమును ఎం.పి.4 రూపమున వేరుగా దాచుకొందము. సాఫ్టువేరు పోయినను మరియొకటి దొరకును గాని, గతించిన అవ్వ కంఠస్వరము మరల దొరకదు.