పంపితే తిరిగిరాని దీవి... ఇప్పుడొక ఊరు

ఎంబీబీఎస్ చదువుకు మన పిల్లలు ఎంతోమంది ఫిలిప్పీన్స్ వెళ్తున్నారు. గల్ఫ్‌లో ఉండే నాలాంటి వాళ్లకైతే ఆఫీసుల్లో, ఆసుపత్రుల్లో, షాపుల్లో ఎటు చూసినా ఫిలిపినోలే. అయినా వాళ్ల దేశం గురించి మనకు తెలిసింది తక్కువే. అందుకే ఈసారి పలావన్ రాష్ట్రంలోని కులియన్ అనే చిన్న దీవి గురించి చెబుతాను. పర్యాటకులు ఎగబడే కొరోన్‌కు ఇది దగ్గర్లోనే ఉంది.

స్పెయిన్ చేతి నుంచి ఫిలిప్పీన్స్ 1898లో అమెరికా చేతికి వచ్చింది. అప్పట్లో కుష్టు వ్యాధికి సరైన మందు లేదు. రోగులందరినీ ఒక్కచోట వేరుగా ఉంచితే వ్యాధి ఆగుతుందని అమెరికా అధికారులు భావించి, కులియన్‌ను ఎంచుకున్నారు. 1906 మే 27న సెబూ నుంచి 370 మంది రోగులతో తొలి ఓడలు వచ్చాయి. మరుసటి ఏడాది చట్టం కూడా చేశారు. ఇక ఇష్టం ఉన్నా లేకపోయినా వెళ్లాల్సిందే. భర్తను వదిలి భార్య, తల్లిని వదిలి బిడ్డ వెళ్లారు. కొన్నేళ్లకే అది ప్రపంచంలోని అతిపెద్ద కుష్టు కాలనీల్లో ఒకటైంది.

చేతులు మారితే వ్యాధి అంటుతుందన్న భయంతో 1913 నుంచి అక్కడ వాడుకకు ప్రత్యేక నాణేలు కూడా వేశారు. రోగులకు పుట్టిన పిల్లలను తల్లుల నుంచి వేరుచేసి నర్సరీలో పెంచారు. నాకు అన్నిటికన్నా బాధ కలిగించింది ఇదే.

చికిత్సలో మాత్రం మనకు సంబంధం ఉంది. మన ఆయుర్వేదం ఎప్పటినుంచో వాడిన చాల్‌మోగ్రా జాతి గింజల నూనెనే కులియన్‌లో ఇంజెక్షన్లుగా ఇచ్చారు. నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లిలో ఇసబెల్ కెర్ 1915లో ప్రారంభించిన కుష్టు ఆసుపత్రిలోనూ ఆ కోవకు చెందిన నూనెతోనే వైద్యం చేసేవారు.

తర్వాత సల్ఫోన్ మందులు, 1980లలో బహుళ ఔషధ చికిత్స వచ్చాయి. నిర్బంధ చట్టాన్ని 1964లో సడలించారు. అయితే చాలామంది అక్కడే ఉండిపోయారు. బయట వాళ్ల కోసం ఎదురుచూసే ఇల్లు లేదు మరి! వాళ్ల పిల్లలు, మనవల ఊరే 1992లో మున్సిపాలిటీ అయింది. 2006 నాటికి కుష్టు అక్కడ ప్రజారోగ్య సమస్యగా లేకుండా పోయింది. ఇప్పుడు 20 వేలకు పైగా జనం ఉన్నారు. పాత ఆసుపత్రి అందరికీ వైద్యం చేస్తోంది.

ఊరివాళ్లు తమ గతాన్ని దాచలేదు. రోగుల రికార్డులు, ఫొటోలు, ఆ నాణేలు మ్యూజియంలో భద్రపరిచారు. ఆ పత్రాలకు 2018లో యునెస్కో ఆసియా పసిఫిక్ జాబితాలో చోటు దక్కింది.

మన సంగతి చూద్దాం. కుష్టును విడాకులకు కారణంగా చూపే వీలును మన దేశం చట్టం నుంచి తొలగించింది 2019లోనే. ప్రపంచంలో కొత్త కేసులు ఎక్కువగా నమోదయ్యేదీ మన దేశంలోనే. మందులు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం. వాడటం మొదలుపెట్టిన కొద్ది రోజులకే ఇతరులకు అంటే ప్రమాదం దాదాపు పోతుంది. ఊళ్లో పెద్దవాళ్లెవరికైనా ఒంటిమీద స్పర్శ లేని మచ్చ కనిపించిందని ఫోన్‌లో చెబితే, కంగారుపడి నలుగురికీ తెలియకుండా దాచమనకండి. వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లమనండి. రోగం తగ్గినా వెలివేత తగ్గకపోతే ఎన్ని తరాలు నష్టపోతాయో కులియన్ వాళ్లకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.