రాత్రివేళ వచ్చిన విద్యార్థి

నికోదేము ఇశ్రాయేలీయులకు బోధకుడు, యూదుల అధికారి. అయినా తనకు తెలియనిది తెలుసుకోవాలని రాత్రివేళ యేసు దగ్గరికి వచ్చాడు. ముసలివాడు మళ్లీ ఎలా జన్మించగలడన్నది అతని సందేహం. ఇంత వయసొచ్చినా ఇది తెలియదా అని ప్రభువు అతణ్ణి పంపేయలేదు. ఓపికగా బోధించాడు (యోహాను 3వ అధ్యాయం).

భోగాపురంలో పరిచర్య చేస్తూ ప్రతి ఆదివారం ‘బైబిళ్లు తెరవండి’ అంటుంటాం. ముందు వరుసలోని మామ్మలూ తెరిచేవారు. వారిలో కొందరికి అక్షరాలు రావని ఏళ్ల తరబడి మేము గమనించలేదు. చెప్పుకోవడానికి వారికి సిగ్గు. అడిగి తెలుసుకోకపోవడం మా తప్పు.

కేంద్ర ప్రభుత్వం 2022–27 కాలానికి చేపట్టిన ‘ఉల్లాస్’ కార్యక్రమం 15 ఏళ్లు, ఆపై వయసున్న నిరక్షరాస్యులందరి కోసం. స్వచ్ఛందంగా ముందుకొచ్చినవారే అందులో చదువు చెబుతారు. ‘వయోజన విద్య’ అనే పాత పేరు మాని ‘అందరికీ విద్య’ అంటున్నారు. ఆ అందరిలో డెబ్బై ఏళ్ల మామ్మ కూడా ఉంది.

చదువుకున్న యువతీయువకులారా! సాయంత్రం ఒక గంట మీ ఇంటి పెద్దల పక్కన పలకతో కూర్చోండి. నికోదేములా వారు సిగ్గుపడుతూ, చీకటి పడ్డాకే రావచ్చు. విసుక్కోకండి. బ్యాంకు కాగితంపై వేలిముద్రకు బదులు తమ పేరు రాసుకున్న రోజున, వాక్యాన్ని తమ కళ్లతో తామే చదువుకున్న రోజున వారి సంతోషం చూడండి. దేవుడు మీకిచ్చిన చదువు వారికీ పంచండి.