బ్రిటన్‌లో ప్రైవేటు పార్కింగ్ నోటీసు: కట్టాల్సింది కారు నడిపినవాళ్లా, కాగితాల్లో పేరున్నవాళ్లా?

కారు ఒకరి పేరు మీద ఉంటుంది, నడిపేవాళ్లు నలుగురుంటారు. బ్రిటన్‌లో చదువుకుంటున్న, ఉద్యోగాలు చేస్తున్న మన పిల్లల ఇళ్లలో ఇది మామూలే. హైదరాబాద్, గుంటూరు, కర్నూలు నుంచి వెళ్లినవాళ్లు ఒకే ఇంట్లో ఉంటూ, డబ్బులు కలేసుకుని ఒక పాత కారు కొంటారు. కాగితాలు మాత్రం ఒకరి పేరు మీద రాయిస్తారు. ఓ రోజు ఆ ఒక్కడి పేరు మీద పోస్టులో నోటీసు వస్తుంది. ఫలానా సూపర్‌మార్కెట్ పార్కింగ్‌లో మీ కారు టైం దాటి ఉంది, 100 పౌండ్లు కట్టండి అని. ఆ రోజు కారు తీసింది అతను కాదు. మరి డబ్బు ఎవరు కట్టాలి?

దీనికి మనవాళ్ల దగ్గర రెండు జవాబులు వినిపిస్తాయి. ఒకటి, "కారు ఎవరి పేరు మీద ఉంటే వాళ్లే కట్టాలి". రెండోది, "ప్రైవేటు వాళ్ల కాగితం కదా, చించి పారెయ్". రెండూ తప్పే. మొదటి దాంతో అవసరం లేని డబ్బు పోతుంది. రెండో దాంతో కోర్టు తీర్పు మీద పడుతుంది.

ముందు ఏ నోటీసో చూసుకోండి

బ్రిటన్‌లో పార్కింగ్ నోటీసును అందరూ పీసీఎన్ అనే అంటారు. కానీ పీసీఎన్‌లు రెండు రకాలు. లోకల్ కౌన్సిల్ ఇచ్చేది పెనాల్టీ చార్జ్ నోటీస్. ప్రైవేటు కంపెనీ ఇచ్చేది పార్కింగ్ చార్జ్ నోటీస్. పొట్టి పేరు ఒకటే, చట్టం మాత్రం వేరు.

కౌన్సిల్ నోటీసులో మామూలుగా బాధ్యత కారు ఓనర్‌దే, ఎవరు నడిపినా సరే. మన దగ్గర బండి నంబర్ మీద ఈ-చలాన్ వచ్చినట్టే అనుకోండి. స్పీడింగ్ లాంటి నేరాల్లో పోలీసులు అడిగితే, నడిపింది ఎవరో కారు కీపర్ చెప్పి తీరాలి. చెప్పకపోతే అదే ఇంకో నేరం.

ప్రైవేటు నోటీసు వీటిలో దేనికీ చెందదు. అది ప్రభుత్వం వేసిన జరిమానా కాదు, పోలీసు కేసు కాదు. ఒక కంపెనీ మీ నుంచి అడుగుతున్న బాకీ, అంతే. నడిపింది ఎవరో ఆ కంపెనీకి చెప్పి తీరాలని ఏ చట్టమూ అనదు.

బాకీ ఎవరిది?

కామర్స్ చదివినవాళ్లకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. పార్కింగ్ స్థలంలో బోర్డు ఉంటుంది: రెండు గంటలు ఉచితం, దాటితే ఇంత చార్జ్ అని. ఆ బోర్డు ఒక ఆఫర్. చూసి కారు పెట్టడం దానికి ఒప్పుకోవడం. అలా ఒక కాంట్రాక్ట్ ఏర్పడుతుంది. కాంట్రాక్ట్ చేసుకున్నది ఎవరు? ఆ రోజు స్టీరింగ్ దగ్గర ఉన్నవాళ్లు. ఇంట్లో పడుకున్న కారు యజమాని కాదు.

ఇలాంటి చార్జ్ అసలు చెల్లుతుందా అన్న ప్రశ్న బ్రిటన్ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. పార్కింగ్ఐ కంపెనీకి, బీవిస్ అనే వ్యక్తికి మధ్య నడిచిన కేసు అది. చెమ్స్‌ఫర్డ్‌లోని ఒక రిటైల్ పార్కులో రెండు గంటల ఉచిత పార్కింగ్ దాటి సుమారు గంటసేపు కారు ఉంచినందుకు 85 పౌండ్లు అడిగారు. 2015 నవంబరులో కోర్టు ఆ చార్జ్ చెల్లుతుందని చెప్పింది. అప్పటి నుంచి "ప్రైవేటు వాళ్లకు అడిగే హక్కే లేదు" అన్న మాటకు బలం లేకుండా పోయింది. అయితే ఒకటి గుర్తుపెట్టుకోవాలి. ఆ కేసులో కారు యజమానీ ఆయనే, నడిపిందీ ఆయనే. ఒకరి కారును వేరొకరు నడిపితే ఏంటన్నది ఇంకో చట్టం చెబుతుంది.

పేరున్నవాళ్ల మీదికి ఎలా వస్తుంది?

ఒకప్పుడు ఇంగ్లండ్‌లో ప్రైవేటు స్థలాల్లో కారు పెడితే చక్రానికి క్లాంప్ వేసేవాళ్లు. ప్రొటెక్షన్ ఆఫ్ ఫ్రీడమ్స్ యాక్ట్ 2012 ఇంగ్లండ్, వేల్స్‌లలో దాన్ని నిషేధించింది. అదే చట్టం షెడ్యూల్ 4లో కంపెనీలకు ఇంకో దారి ఇచ్చింది. నడిపింది ఎవరో తెలియకపోతే, కొన్ని షరతులు పాటించి కీపర్ నుంచి వసూలు చేసుకోవచ్చు. ఇది 2012 అక్టోబరు 1 నుంచి అమల్లో ఉంది.

కీపర్ అంటే కారు ఎవరి దగ్గర ఉంటుందో వాళ్లు. వీ5సీ అనే లాగ్‌బుక్‌లో ఎవరి పేరుంటే వాళ్లే కీపర్ అని చట్టం ముందుగా అనుకుంటుంది, కాదని రుజువైతే తప్ప. గుర్తింపు పొందిన పార్కింగ్ సంఘంలో సభ్యత్వం ఉన్న కంపెనీ, డీవీఎల్ఏకు 2.50 పౌండ్లు ఫీజు కట్టి ఆ పేరు, అడ్రస్ తీసుకోవచ్చు. నోటీసు అలా మీ ఇంటికి వస్తుంది.

భాయిజాన్ పేరు మీద కారు ఉంది, తమ్ముడు నడిపాడు అనుకుందాం. బాకీ మొదట తమ్ముడిదే. కంపెనీ చట్టం చెప్పినట్టు నడుచుకుని, తమ్ముడి పేరు, అడ్రస్ దానికి తెలియకపోతేనే భాయిజాన్‌ను అడగగలదు. చట్టం చెప్పినట్టు నడుచుకోకపోతే, తమ్ముడే నడిపాడని రుజువు చేసుకుని అతన్నే అడగాలి. కీపర్ అయినంత మాత్రాన ఆ రోజు నడిపింది కూడా భాయిజానే అనుకోవడానికి వీల్లేదు.

తేదీలు లెక్కపెట్టండి

నోటీసు రాగానే మొత్తం కంటే ముందు తేదీలు చూడాలి.

అద్దం మీద టికెట్ పెట్టకుండా, కెమెరా నంబర్ ప్లేటును ఫోటో తీసి పంపిన నోటీసు అయితే, కారు అక్కడ ఉన్న రోజు మర్నాటి నుంచి 14 రోజుల్లోగా అది కీపర్‌కు చేరాలి. మార్చి 1న కారు పెడితే, మార్చి 15లోగా చేరాలన్నమాట. పోస్టు చేసిన తర్వాత రెండో పనిదినాన చేరినట్టు చట్టం లెక్కేస్తుంది. కాబట్టి నోటీసు మీది తేదీతో పాటు కవరు కూడా దాచుకోండి.

అద్దం మీద టికెట్ పెట్టి ఉంటే లెక్క వేరు. ఆ తర్వాత 28 రోజులు ఆగాలి. ఆపై 28 రోజుల్లో, అంటే 56వ రోజు లోపు కీపర్‌కు నోటీసు చేరాలి.

రెండు రకాల్లోనూ నోటీసు అందాక కీపర్‌కు 28 రోజుల గడువుంటుంది. అది దాటాకే కీపర్‌ను బాధ్యుడిని చేయగలరు. నోటీసులో ఏమేం రాయాలో కూడా చట్టం చెప్పింది. కారు పెట్టి ఉన్న సమయం, ఎంత కట్టాలి, నడిపినవాళ్ల పేరు చెప్పి, నోటీసు వాళ్లకు ఇవ్వమని కోరడం, 28 రోజుల తర్వాత కీపర్‌ను అడుగుతామన్న హెచ్చరిక ఉండాలి. ఇవి లేకపోయినా, గడువు దాటి వచ్చినా కీపర్ బాధ్యత నిలబడదు. షెడ్యూల్ 4 కింద కీపర్‌ను అడగగలిగేది కూడా ఆ నోటీసులో రాసిన మొత్తం వరకే. కేసు కోర్టుకు వెళ్లి ఓడిపోతే కోర్టు ఖర్చులు వేరుగా పడతాయి.

ఎక్కడ వర్తించదు?

స్కాట్లండ్, ఉత్తర ఐర్లండ్‌లకు షెడ్యూల్ 4 వర్తించదు. గ్లాస్గో, ఎడిన్‌బరోలలో ఉండే పిల్లలు ఇది గమనించాలి. అక్కడ కూడా నడిపినవాళ్ల మీద కాంట్రాక్ట్ బాకీ ఉండొచ్చు కానీ, ఈ చట్టం చూపించి కీపర్‌ను పట్టుకోవడం కుదరదు. ఇంగ్లండ్‌లో కూడా, పార్కింగ్‌కు సొంత బైలాలు ఉన్న విమానాశ్రయాలు, రైల్వే స్థలాలు దీని పరిధిలోకి రావు. అమ్మీ అబ్బాలను దింపడానికో, తీసుకురావడానికో ఎయిర్‌పోర్టుకు వెళ్లినప్పుడు వచ్చిన నోటీసుల్లో ఈ సంగతి తప్పక చూడాలి. అయితే బైలాల కింద వేరే జరిమానా ఉండొచ్చు కాబట్టి, నోటీసు ఏ చట్టం పేరు చెబుతోందో చదవండి.

కారు ముందే దొంగతనం అయితే కీపర్‌కు బాధ్యత లేదు. అమ్మేసి ఉంటే, అమ్మిన తేదీ, కొన్నవాళ్ల వివరాలు రాయాలి. అద్దె కారు అయితే, కంపెనీ అద్దె అగ్రిమెంటు కాపీలు పంపి బాధ్యతను అద్దెకు తీసుకున్నవాళ్ల మీదికి మార్చుకోవచ్చు.

కీపర్ ముందున్న దారులు

మొదటిది, తప్పు జరిగింది నిజమే అనిపిస్తే కట్టేయడం. 14 రోజుల్లో కడితే మామూలుగా 40 శాతం తగ్గిస్తారు. అంటే 100 పౌండ్ల బదులు 60.

రెండోది, నడిపినవాళ్ల పూర్తి పేరు, ప్రస్తుత అడ్రస్ ఇచ్చేయడం. కంపెనీ కోర్టులో కేసు వేయకముందే ఇస్తే బాకీ నడిపినవాళ్ల దగ్గరికి వెళుతుంది. ఇల్లు మారిపోయిన రూమ్‌మేట్ ఫోన్ ఎత్తకపోతే కీపర్‌కు మిగిలే రక్షణ ఇదే. అందుకే అతని కొత్త అడ్రస్ మీ దగ్గర ఉండాలి.

మూడోది, అప్పీలు. ముందు ఆ కంపెనీకే రాయాలి. తిరస్కరిస్తే బ్రిటిష్ పార్కింగ్ అసోసియేషన్ సభ్యులపై పోప్లాకు, ఇంటర్నేషనల్ పార్కింగ్ కమ్యూనిటీ సభ్యులపై ఐఏఎస్‌కు వెళ్లొచ్చు. పోప్లాకు మీరేమీ ఫీజు కట్టక్కర్లేదు.

ఇక్కడే చాలామంది ఒక్క వాక్యంతో కేసు పోగొట్టుకుంటారు. "నేను కారు పెట్టి నమాజ్‌కు వెళ్లాను, పది నిమిషాలే లేటయింది" అని రాస్తే, నడిపింది ఎవరో మీరే చెప్పేసినట్టు. ఆ తర్వాత కీపర్ నోటీసులో ఎన్ని లోపాలున్నా పనికిరావు. "ఈ కారు కీపర్‌గా రాస్తున్నాను" అని మొదలుపెట్టి, "నేను పెట్టాను" బదులు "కారు పెట్టినవారు" అని రాయాలి.

అయితే చెప్పకపోవడం వేరు, అబద్ధం చెప్పడం వేరు. మీరే నడిపి "నేను కాదు" అని రాయకండి, వేరేవాళ్ల పేరు ఇవ్వకండి. కోర్టులో వేసే కాగితాల మీద ఇందులో ఉన్నది నిజమని సంతకం పెట్టాలి. అక్కడ అబద్ధం తేలితే 100 పౌండ్లతో పోయే వ్యవహారం కాదు. దీన్ పరంగా కూడా అది ఎంత తప్పో వేరే చెప్పక్కర్లేదు.

జుమా రోజు సంగతి ఒకటి. మసీదు పక్కనే రిటైల్ పార్క్ ఉంటే కారు అక్కడ పెట్టి నడిచిపోవడం చాలామందికి అలవాటు. "కస్టమర్లకు మాత్రమే" అన్న బోర్డు ఉంటే, టైం మిగిలి ఉన్నా చార్జ్ వేస్తారు. బోర్డు పూర్తిగా చదివి, ఒక ఫోటో తీసుకోండి.

పాత అడ్రస్సే పెద్ద ముప్పు

ఉత్తరాలను పట్టించుకోకపోతే ఏమవుతుంది? మొదట వచ్చేవి రికవరీ ఏజెంట్ల ఉత్తరాలు. వీళ్లు కోర్టు పంపిన మనుషులు కారు, ఇంట్లో సామాను తీసుకుపోయే అధికారం వాళ్లకు లేదు. కానీ "లెటర్ బిఫోర్ క్లెయిమ్" వస్తే జవాబుకు 30 రోజులు ఇస్తారు, దాన్ని వదలకూడదు. ఆ తర్వాత కౌంటీ కోర్టు క్లెయిమ్ వస్తే టైం ఇంకా తక్కువ. క్లెయిమ్ అందినట్టు లెక్కేసే తేదీ నుంచి 14 రోజుల్లో స్పందించాలి. అందిందని ఒప్పుకుంటూ ఫారం పంపితే 28 రోజులు దొరుకుతాయి. ఏమీ చేయకపోతే మీ వాదన వినకుండానే తీర్పు వచ్చేస్తుంది.

దాన్ని సీసీజే అంటారు. నెలలోపు మొత్తం కట్టేస్తే రికార్డు నుంచి తీసేస్తారు, లేదంటే ఆరేళ్లు ఉంటుంది. ఇల్లు అద్దెకు కావాలన్నా, ఫోన్ కాంట్రాక్ట్ తీసుకోవాలన్నా, రేపు ఇంటి లోన్‌కు వెళ్లినా అది కనిపిస్తుంది. వీసా దరఖాస్తులో కూడా సివిల్ కోర్టు తీర్పు ఏదైనా మీ మీద ఉందా అని అడుగుతారు. పార్కింగ్ చార్జ్ నేరం కాదు, కానీ పట్టించుకోకపోతే అది ఇంత దూరం వస్తుంది.

మన పిల్లల్లో చాలామందికి ఇలా జరిగేది ధైర్యం వల్ల కాదు, ఇల్లు మారడం వల్ల. కోర్సు అయ్యాక ఊరు మారతారు, వీ5సీలో పాత అడ్రస్ అలాగే ఉంటుంది. ఉత్తరాలన్నీ అక్కడికి పోతాయి. అడ్రస్ మార్చకపోతే డీవీఎల్ఏ 1,000 పౌండ్ల వరకు జరిమానా కూడా వేయొచ్చు. మార్చడానికి ఖర్చు లేదు, ఆన్‌లైన్‌లో అయిపోతుంది. తెలియకుండా వచ్చిన తీర్పును పక్కన పెట్టమని కోర్టును అడగొచ్చు, కానీ దానికి ఫీజు కట్టాలి, ఎందుకు స్పందించలేకపోయారో చెప్పాలి.

కలిసి కారు కొనేవాళ్లు ముందే ఒక మాట అనుకోవాలి. కారు ఏ రోజు ఎవరు తీశారో వాట్సాప్ గ్రూపులో రాసిపెట్టడం, చార్జ్ వస్తే ఆ రోజు తీసినవాళ్లే భరించడం. పేరు ఇచ్చినవాడు మిగతావాళ్ల మీద నమ్మకంతో ఇచ్చాడు, ఆ అమానత్‌ను నిలబెట్టాలి. ఇప్పటికే నోటీసు చేతిలో ఉంటే సిటిజన్స్ అడ్వైస్‌లో ఉచితంగా సలహా ఇస్తారు. ఇక్కడున్న తల్లిదండ్రులు ఈసారి ఫోన్‌లో ఒక్కటి అడగండి: "బేటా, కారు ఎవరి పేరు మీద ఉంది? అందులో ఉన్నది ఏ ఇంటి అడ్రస్?"