కమాండ్ లైన్‌లో పంక్తి సవరణ: సత్వర మీటల వెనుక ఉన్న రెండు అంచెలు

దూరపు సర్వరుపై భాషా దత్తాంశంతో పనిచేసే పరిశోధకుడు పొడవైన ఫైలు మార్గాలతో కూడిన ఆదేశాలను నిత్యం టైపు చేయవలసి ఉంటుంది. మొదటి పదంలో తప్పు దొర్లితే బాణపు మీటను పదేపదే నొక్కి వెనక్కి వెళ్ళేవారే ఎక్కువ. లైనక్స్‌లోని బాష్ షెల్‌లో కంట్రోల్-ఏ నొక్కగానే కర్సర్ పంక్తి మొదటికి, కంట్రోల్-ఈ నొక్కగానే చివరికి చేరుతుంది. ఇటువంటి మీటల పట్టికను కంఠస్థం చేయడం కష్టమేమీ కాదు. అవి ఒకచోట పనిచేసి మరొకచోట ఎందుకు పనిచేయవన్న ప్రశ్నకు మాత్రం పట్టికలో సమాధానం లభించదు. పంక్తి సవరణ రెండు వేర్వేరు అంచెలలో జరగడమే ఇందుకు కారణం.

మొదటి అంచె కెర్నల్‌లోని టెర్మినల్ డ్రైవర్. యూనిక్స్ తొలినాళ్ళలో టెర్మినల్ అంటే కాగితంపై అచ్చు వేసే టెలిటైప్ యంత్రం. అచ్చయిన అక్షరాన్ని చెరపడం అసాధ్యం కనుక, ముందరి అక్షరం రద్దయిందని తెలుపడానికి '#' గుర్తునూ, పంక్తి మొత్తం రద్దయిందని తెలుపడానికి '@' గుర్తునూ వాడేవారు. నేటి డ్రైవర్‌కు కూడా తెలిసిన సవరణలు కొద్దిపాటివే: బ్యాక్‌స్పేస్, కంట్రోల్-డబ్ల్యూ, కంట్రోల్-యూ వంటివి. ఫైలు పేరు ఇవ్వకుండా 'క్యాట్' ఆదేశాన్ని నడిపి ఎడమ బాణం నొక్కితే కర్సర్ జరగదు. తెరపై అర్థంలేని గుర్తులు కనిపిస్తాయి. ఆ డ్రైవర్‌కు బాణపు మీట అంటే ఏమిటో తెలియదు.

రెండవ అంచె రీడ్‌లైన్ గ్రంథాలయం. గ్నూ ప్రాజెక్టు కోసం బ్రయన్ ఫాక్స్ రచించిన బాష్ 1989లో వెలువడింది. రీడ్‌లైన్ కూడా ఆయన రచనే. తరువాతి కాలంలో రెండింటి నిర్వహణను చెట్ రేమీ చేపట్టారు. దీని మీటలు ఈమాక్స్ ఎడిటర్ సంప్రదాయానికి చెందినవి. 'వీఐ'కి అలవాటుపడినవారికి ఆ పద్ధతి కూడా ఉంది. ఇక్కడ కంట్రోల్-కే, కంట్రోల్-యూ, కంట్రోల్-డబ్ల్యూలతో తొలగించిన పాఠం నశించదు. కంట్రోల్-వై నొక్కితే తిరిగి వస్తుంది. డ్రైవర్ అంచెలో ఈ సౌకర్యం లేదు. కంట్రోల్-డబ్ల్యూ ఖాళీ స్థలం వరకు, ఆల్ట్-బ్యాక్‌స్పేస్ గీతలు, చుక్కలవంటి గుర్తు వరకు మాత్రమే తొలగిస్తాయి. అందువల్ల ఫైలు మార్గంలో చివరి భాగాన్ని మాత్రమే మార్చడానికి రెండవదే తగినది. ఫైళ్ళను తొలగించే ఆదేశం రాసిన తరువాత సందేహం కలిగితే ఆల్ట్-# నొక్కవచ్చు. పంక్తి వ్యాఖ్యగా మారి, అమలు కాకుండానే చరిత్రలో భద్రంగా నిలుస్తుంది. అంతగా ప్రచారం పొందని ఈ మీట విలువ దత్తాంశం పోగొట్టుకున్నవారికి బాగా తెలుస్తుంది.

రెండు అంచెల మధ్య ఘర్షణకు కంట్రోల్-ఎస్ మంచి ఉదాహరణ. రీడ్‌లైన్‌లో అది చరిత్రలో ముందుకు వెతికే మీట. కానీ సాధారణంగా డ్రైవరే దానిని ముందుగా అందుకొని తెరపై ప్రదర్శనను నిలిపివేస్తుంది. యంత్రం స్తంభించిందని భావించి కిటికీ మూసివేస్తే ఆ సెషన్‌లోని పని పోయే ప్రమాదం ఉంది. కంట్రోల్-క్యూ ఒక్కటి నొక్కితే చాలు.

తెలుగు పాఠం విషయంలో చిక్కు మరింత లోతైనది. 'స్త్రీ' అన్నది చదువరికి ఒకే అక్షరం. యూనికోడ్‌లో ఆరు సంకేతాలు, యూటీఎఫ్-8లో పద్దెనిమిది బైట్లు. టెర్మినల్ మాత్రం తెరను సమాన గడులుగా విభజిస్తుంది. ఏ సంకేతానికి ఎన్ని గడులన్న లెక్క షెల్‌కూ తెరకూ మధ్య కుదరకపోతే కర్సర్ కనిపించే చోటు ఒకటి, సవరణ జరిగే చోటు మరొకటి అవుతుంది. తెలుగు ఫైలు పేర్లలో ఒక్కొక్క అక్షరంగా జరగడం కన్నా కంట్రోల్-డబ్ల్యూతో పదాన్ని పూర్తిగా తొలగించి మళ్ళీ టైపు చేయడం నమ్మదగిన పద్ధతి. పంక్తి పొడవైనదైతే కంట్రోల్-ఎక్స్, కంట్రోల్-ఈ వరుసగా నొక్కి దానిని ఎడిటర్‌లో తెరవవచ్చు. భద్రపరచి బయటకు రాగానే ఆదేశం వెంటనే అమలవుతుంది. వద్దనుకుంటే పాఠమంతా చెరిపి, ఖాళీగా భద్రపరచి రావాలి.